పిండి కలిపే నీళ్ళు కూడా తాగే నీళ్ళే

"సార్, పిలగాడు బన్ను కొనియ్యకపోతే బడికి పోనంటుండు. ఏం చెయ్యాలె?" అని అడిగింది ఒక తల్లి. వాళ్ళది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె. కుర్రవాడికి ఏడేళ్ళు. తిండి సరిపోక సన్నగా ఉన్నాడు. టానిక్కు రాస్తాననుకుంది. నేను తపాలచెక్క చేసి పెట్టమన్నాను.

బేకరీ బన్నులో ఉండేది ప్రధానంగా మైదా, చక్కెర. దానితో ఆకలి చల్లారుతుంది గానీ ఎదిగే పిల్లవాడికి అది చాలదు. మన ఇళ్ళలో ఈస్టు, సోడా, ఓవెన్ లేకుండానే కాల్చుకునే రొట్టె తపాలచెక్క. కొన్నిచోట్ల సర్వపిండి అనీ, గిన్నెప్ప అనీ అంటారు. ఇంగ్లండు వాళ్ళు పిండి పులియబెట్టే పని లేకుండా స్కోన్లు కాల్చుకుంటారు. మనకు తపాలే ఓవెన్!

చేసే పద్ధతి సులువు. రెండు గ్లాసుల బియ్యప్పిండి తీసుకోండి. గుప్పెడు శనగపప్పు గంటసేపు నానబెట్టండి. వేయించిన పల్లీలు కచ్చాపచ్చాగా దంచండి. రెండు చెంచాల నువ్వులు, తరిగిన ఉల్లిపాయ, కరివేపాకు, కొద్దిగా కారం, ఉప్పు వేసి, నీళ్ళు చిలకరిస్తూ మెత్తని ముద్దగా కలపండి. తపాల లోపల నూనె రాసి, ముద్దను పలుచగా అద్ది, వేలితో నాలుగైదు చిల్లులు పెట్టండి. చిల్లుల్లో చుక్క చుక్క నూనె వేసి, మూతపెట్టి, సన్నని సెగ మీద అడుగు ఎర్రబడేదాకా కాల్చండి. పల్లీలు, పప్పు వల్ల మాంసకృత్తులు, నువ్వుల వల్ల కాల్షియం అందుతాయి. బూజు పట్టిన పల్లీలు మాత్రం వాడకండి. బాగా చిన్నపిల్లలకు పల్లీలు మెత్తగా పొడి కొట్టి వేయండి. పలుకు గొంతులో అడ్డుపడవచ్చు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించుకోవాలి. చక్కెర వ్యాధి ఉన్నవారికి బియ్యప్పిండి కంటే జొన్నరొట్టె మేలు. అదైనా మితంగానే తినాలి.

నెల తర్వాత ఆ తల్లి మళ్ళీ వచ్చింది. "తింటుండు సార్, ఇంకోటి అడుగుతుండు" అంది సంతోషంగా. కుర్రవాడు నవ్వాడు. కొత్తగా వచ్చిన ముందుపళ్ళ మీద సుద్ద రాసినట్లు తెల్లని చారలు, అక్కడక్కడ పసుపు మరకలు! మొదటిసారి నేను నోరు చూడనే లేదు. తప్పు నాదే.

"ఏ నీళ్ళు తాగుతారమ్మా?" అన్నాను.

"నల్లా నీళ్ళే సార్."

"పిండి ఏ నీళ్ళతో కలుపుతావు?"

"బోరు నీళ్ళే. అన్నం, పప్పు గూడ వాటితోనే. కాగినంక ఏముంటది సార్?"

చాలామంది పొరపడేది ఇక్కడే. కాచితే చచ్చేవి క్రిములు. ఫ్లోరైడ్ క్రిమి కాదు, రాతిపొరల నుంచి నీటిలో కరిగి వచ్చే లవణం. కాచినకొద్దీ నీరు ఆవిరై, మిగిలిన నీటిలో అది మరింత చిక్కబడుతుంది. రెండు గ్లాసుల పిండికి గ్లాసు పైనే నీళ్ళు పడతాయి. కాల్చేటప్పుడు ఆ నీటిలో చాలా భాగం ఆవిరైపోతుంది; ఫ్లోరైడ్ మాత్రం చెక్కలోనే ఉండిపోతుంది. మహబూబ్‌నగర్ వైపు మరిగే నీళ్ళు పోసి కలిపే జొన్నరొట్టెకైనా, అన్నానికైనా, చాయకైనా ఇదే లెక్క.

తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. అంతకు మించితే ముందు పళ్ళు చెడతాయి. బాగా ఎక్కువగా ఉన్న నీళ్ళు ఏళ్ళ తరబడి వాడితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి, నడుము వంగిపోతుంది. ఈ బాధ నల్గొండ వారికి నేను చెప్పనక్కరలేదు. 1970లలో నాగపూరులోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే విధానాన్ని రూపొందిస్తే, దానికి నల్గొండ పద్ధతి అనే పేరు వచ్చింది. పటిక మోతాదు నీటిని బట్టి మారుతుంది కనుక ఇంట్లో ఉజ్జాయింపుగా వేయకండి. 2016లో తొలిదశ ప్రారంభమైన మిషన్ భగీరథ నీళ్ళు ఇంటికి వస్తున్నప్పుడు వాటిని తాగడానికే కాక వంటకూ పట్టుకోండి.

గుర్తుంచుకోవలసినవి:

1. పిండి కలపడానికి, పప్పు నానబెట్టడానికి, అన్నం, కూర, చాయ కాయడానికి తాగే నీళ్ళే వాడండి. బోరు నీళ్ళు గిన్నెలు కడగడానికి, బట్టలు ఉతకడానికి ఉంచండి.

2. మామూలు క్యాండిల్ ఫిల్టరు ఫ్లోరైడ్‌ను తీయలేదు.

3. మీ బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. రుచి, రంగు చూసి ఫ్లోరైడ్‌ను పసిగట్టలేము.

4. పాలు, మజ్జిగ, మునగాకు, జామ, ఉసిరి పిల్లలకు తరచుగా పెట్టండి. అయితే ఇవి మంచినీటికి బదులు కావు.

ఆ కుర్రవాడి పళ్ళ మీది చారలు మందులతో పోవు. కానీ తల్లి చంకలో రెండేళ్ళ చెల్లెలు ఉంది. ఆ పాప శాశ్వత దంతాలు చిగుళ్ళ లోపల ఇప్పుడే తయారవుతున్నాయి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లల విషయంలో జాగ్రత్త పడవలసిన సమయం ఇదే. తపాలచెక్క మానకండి. బిందె మార్చండి, చాలు.