నూనె ప్యాకెట్ మీది ఇంగ్లీషు

విశాఖ పూర్ణా మార్కెట్ కిరాణా కొట్లో నూనె ప్యాకెట్ తిప్పి చూస్తే హైస్కూలు ఇంగ్లీషు గ్రామర్ ఎంతో కొంత అక్కడే దొరుకుతుంది. ‘స్టోర్ ఇన్ ఎ కూల్, డ్రై ప్లేస్’ అన్నది ఆజ్ఞార్థక వాక్యం. ‘ప్యాక్డ్ బై’ అన్నది కర్మణి ప్రయోగపు ముక్క. యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి చకచకా మార్చి మార్కులు తెచ్చుకునే పదో తరగతి పిల్లలు ఈ ప్యాకెట్ చేతికిస్తే తడబడుతున్నారు. సూత్రం నోటికి వచ్చింది కానీ వాక్యం కంటికి అలవాటు కాలేదు.

మార్కెట్‌కు దగ్గర్లోనే ఏ.వి.ఎన్. కళాశాల ఉంది. పి.టి. శ్రీనివాస అయ్యంగార్ అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలంలో, 1906 ప్రాంతంలో, ఉత్తర కోస్తా బడుల ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ వచ్చారు. భాషను బట్టీతో కాక నేరుగా వినిపించి, మాట్లాడించి నేర్పాలన్నది ఆయన పట్టుదల. తెలుగు బోధనపై ఆయన వేసిన ప్రశ్నలే గిడుగు రామమూర్తిని వ్యావహారిక భాషోద్యమం వైపు నడిపించాయి. ఇంగ్లీషు ఎలా నేర్పాలన్న ఆలోచన తెలుగుకే మేలు చేసిన చోటు ఇది!

2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులకు దశలవారీగా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు. ఇంత మంచి సాధనం చేతిలో ఉండగా పిల్లల్ని గైడ్లకు అప్పగించడం అన్యాయం. రోజూ ఒక పావుగంట పిల్లలు వంతులవారీగా గొంతెత్తి పేరా చదవాలి. తప్పు పలికినా మధ్యలో ఆపొద్దు. చదవడం అయ్యాక, ఆ వాక్యాల్లోంచే గ్రామర్ చెప్పాలి. జూన్‌లో బడులు తెరిచేనాటికి ఆ పావుగంట టైంటేబుల్లో కనిపించాలి.