స్లాబు మీద నీరు ఎవరిది?

వడ్డాది వర్తక సోదరులకు, షాపుల యజమానులకు విన్నపం

పెద్దేరు పొంగిందంటే ఊరంతా వంతెన దగ్గరికి పరిగెడతాం. మన షాపు నెత్తిన వారం నుంచి నిలిచిన నీటిని మాత్రం ఎక్కి చూడం. "బిల్డింగు వారిది" అంటాడు అద్దెదారు. "వాడుకునేది వారే కదా" అంటాడు యజమాని. ఈ రెండు మాటల సందులోంచే స్లాబు కారుతోంది.

మంచు దేశాల్లో చలికాలం పైపుల్లో నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బుతుంది. పైపులు పగిలి దుకాణాలు, ఆఫీసులు తడిసిపోతాయి. మన మన్యంలో లంబసింగి దగ్గర చలి సున్నా డిగ్రీల దాకా దిగిన రోజులున్నాయి గానీ, వడ్డాదికి ఆ బెడద లేదు. అయితే మన స్లాబులోనూ ఉబ్బేది ఒకటుంది. అది ఇనుము. చెమ్మకు తుప్పు పట్టిన ఊచ లావెక్కి కాంక్రీటును చీలుస్తుంది. పెచ్చు ఊడి గల్లాపెట్టె మీద పడ్డాక గానీ మనం తలెత్తి చూడం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. దీపావళికి అప్పటికి 11 రోజులే. పండగ సరుకు దింపుకునే వేళకే మనకు తుపాన్ల కాలం. గాలివానను ఆపలేం. తూములో ఇరుక్కున్న పాలిథిన్ సంచిని తీయగలం.

కాబట్టి నేను కోరేది:

1. ఏరువాకకు ఒకసారి, వినాయక చవితికి మరోసారి మేడ ఎక్కి తూములు శుభ్రం చేయాలి. రెండు బిందెల నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడాలి.
2. బీటలకు ఎండాకాలంలోనే మరమ్మతు చేయించాలి. తడి మీద వేసిన పూత నిలవదు.
3. మీటరు బోర్డు గోడకు చెమ్మ కనిపిస్తే మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఎరువు, పంచదార, సిమెంటు బస్తాలు గోడకు ఆనించకుండా చెక్కల మీద పేర్చాలి.
4. అద్దె కాగితంలో ఒక్క వాక్యం చేర్చాలి: తూముల శుభ్రత అద్దెదారుది, స్లాబు మరమ్మతు యజమానిది.

నాలుగోదే అసలు సంగతి. యజమాని తాను చేయించాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చినా సకాలంలో చేయించకపోతే, అద్దెదారు చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. ఏ పని ఎవరిదో రాసుకోకపోతే ఆ హక్కు కూడా తగవులోనే నానుతుంది.

వచ్చే నెల అద్దె చేతులు మారే రోజున ఇద్దరూ కలిసి ఒకసారి మేడ ఎక్కండి. రాయాల్సిన వాక్యం అక్కడే కనిపిస్తుంది.

ఇట్లు,
మీలో ఒక అద్దెదారు