పడిగె చదివే గొంతు

మణుగూరు చుట్టుపక్కల కోయగూడేల్లో వేల్పుల కొలుపు జరిగేటప్పుడు డోలి కళాకారుడు ఒక పొడవాటి గుడ్డ విప్పుతాడు. ఒక కొస వెడల్పుగా మొదలై రెండో కొసకు వచ్చేసరికి సన్నబడిపోయే త్రికోణం అది. పేరు పడిగె. దాని మీద మనుషులు, జంతువులు, వేల్పులు, గుర్తులు ఉంటాయి. చూడవచ్చినవాళ్లకు అవి బొమ్మలు. డోలి మీద దెబ్బ వేసి గొంతెత్తేవాడికి పేర్లు. ఒక్కో గుర్తు దగ్గర ఆగి ఆ వంశం మూలపురుషుణ్ణి పిలుస్తాడు, వాళ్లు నడిచివచ్చిన దారి చెబుతాడు. ఏ గట్టు (వంశాల గుంపు) వాళ్లు ఎవరికి అన్నదమ్ములు, ఎవరితో వియ్యమందవచ్చు అన్న లెక్క కూడా ఆ పాటలోనే ఉంటుంది. గొంతు ఆగితే గుడ్డ మళ్లీ గుడ్డే.

జర్మానిక్ జాతుల ప్రాచీన లిపి రూన్ల గురించి చదువుతున్నన్ని రోజులూ ఈ పడిగె కళ్ల ముందు ఆడుతూనే ఉంది. ఆ లిపికీ మన అడవికీ చుట్టరికం అంటగట్టాలని కాదు. గుర్తుకు, శబ్దానికి, అర్థానికి మధ్య ముడి ఎలా పడుతుందో, ఎలా తెగుతుందో చెప్పే కథ అక్కడ ఒకటి పూర్తయిపోయింది. ఇక్కడ ఇంకా నడుస్తోంది.

డెన్మార్క్‌లోని విమోస బురదనేలలో దొరికిన ఒక దువ్వెన మీద చెక్కిన రూన్లు సుమారు క్రీ.శ. 160 నాటివి. స్వీడన్‌లోని గోట్లండ్ దీవిలో దొరికిన క్యూల్వెర్ రాయి మీద, దాదాపు 400 నాటికి, 24 అక్షరాల వరుస మొత్తం కనిపిస్తుంది. తొలి ఆరు శబ్దాలు కలిపి ఆ వరుసను ఫుథార్క్ అంటారు. మనం ‘ఓం నమః’తో మొదలుపెట్టినందుకు అక్షరాలకు ఓనమాలని పేరొచ్చినట్టే. కర్ర మీద కత్తితో చెక్కడానికి పుట్టిన లిపి కాబట్టి అన్నీ నిలువు, ఏటవాలు గీతలే. అడ్డగీత చెక్క పొరలో కలిసిపోతుంది. తాటాకు మీద గంటంతో గుండ్రంగా తిరిగిన మన అక్షరానికి అది పూర్తిగా ఎదురు నడక.

ఆ లిపిలో నన్ను కట్టిపడేసినది ఆకారం కాదు, పేర్లు. ప్రతి రూన్‌కూ ఒక పేరుంది, ఆ పేరు రోజూ వాడే మాట, ఆ మాట మొదటి శబ్దమే సాధారణంగా అక్షరం పలుకు. మన పిల్లలకు అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని నేర్పుతాం కదా, అక్కడ ఆ ‘అమ్మ’నే అక్షరం పేరుగా స్థిరపరిచారు. మొదటి అక్షరం ‘ఫెహు’. అంటే పశువు, దాంతోపాటు సంపద. ఉత్తరాంధ్ర పల్లెల్లో పశువుల్ని ఇప్పటికీ సొమ్ములు అంటారని తెలిసినవాళ్లకు ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఎలా ఇమిడాయో ఎవరూ వివరించనక్కర్లేదు. పైగా ఫెహు, సంస్కృతం నుంచి మనకొచ్చిన పశువు, రెండూ ఒకే మూలధాతువు బిడ్డలని భాషాశాస్త్రం చెబుతుంది. గుర్రం పేరున్న ‘ఎహ్వజ్’కు అశ్వం తోబుట్టువు. మనిషి పేరున్న ‘మన్నజ్’కు మనువు, వేల్పు పేరున్న ‘తీవజ్’కు దేవుడు. వడగళ్లు, మంచు, భోజవృక్షం, పంట చేతికొచ్చిన ఏడాది, తాతలనాటి భూమి కూడా ఆ వరుసలో అక్షరాలే. ఒక రైతు కుటుంబం ఏడాది బతుకంతా అందులో ఉంది.

ఆ పేర్లు మనదాకా ఎలా వచ్చాయి? రాళ్లు చెప్పలేదు. రాళ్ల మీద ఉన్నది శబ్దాల వరుసే. పేర్లు జనం నోట్లో బతికాయి, చాలా ఆలస్యంగా క్రైస్తవ మఠాల్లో ఎవరో ఒకరు వాటిని రాసి పెట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో 29 చరణాల పాత పద్యం ఒకటి ఉండేది. ఒక్కో చరణం ఒక్కో రూన్ పేరును విప్పి చెబుతుంది. జార్జ్ హిక్స్ అనే పండితుడు 1705లో దాన్ని అచ్చువేశాడు. 1731లో లండన్‌లో కాటన్ గ్రంథాలయం తగలబడినప్పుడు ఆ పద్యం ఏకైక ప్రతి బూడిదైపోయింది. ఇవాళ ప్రపంచం చదువుతున్నది హిక్స్ అచ్చుప్రతినే. అచ్చుకీ మంటకీ మధ్యలో ఉన్నది 26 ఏళ్లు.

చెప్పే నోరు లేని గుర్తుకు ఇంకో ప్రమాదం కూడా ఉంది. ‘స’ శబ్దానికున్న రూన్ పేరు ‘సోవిలో’, అంటే సూర్యుడు. 20వ శతాబ్దం మొదట్లో గీడో ఫాన్ లిస్ట్ అనే ఆస్ట్రియా రచయిత తనకు రూన్ల రహస్యం వెల్లడైందని చెప్పుకున్నాడు. 18 రూన్ల సొంత వరుస ఒకటి కట్టి 1908లో పుస్తకం వేశాడు. సూర్యుడి గుర్తుకు విజయం అన్న అర్థం తగిలించాడు. ఆ తర్వాత హిట్లర్ ఎస్‌ఎస్ దళం అదే గుర్తును జంటగా కాలర్ మీద కుట్టించుకుంది. పొలం మీద పొడిచే ఎండకు పెట్టుకున్న అక్షరం హంతకుల చిహ్నమైపోయింది. కాదు, మా తాతలు దాన్ని ఇలా పలికేవారు అని అడ్డుచెప్పడానికి ఆ వరుసను పెద్దల నోటివెంట నేర్చుకున్నవాళ్లు ఒక్కరూ మిగలలేదు. ఆ చరిత్ర చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

ఇప్పుడు గోదావరి ఒడ్డుకు వద్దాం. 2011 జనగణనలో కోయను మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 4 లక్షలు దాటారు. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 1870లలోనే వ్యాసాలు రాశాడు. నది ఒడ్డు గొమ్ము కోయల మాటకు స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణం 1969లో వచ్చింది. తెలుగువాడికి ఈ భాష పరాయిది కాదు. కోయలో ‘ఏర్’ అంటే నీళ్లు, మనకు ఏరంటే పారే నీళ్లు. కోయలో ‘లోను’ అంటే ఇల్లు, మనకు లోపల. ఫెహును పశువుతో పోల్చి మురిసిపోయే నేను, గోదావరి ఒడ్డున పక్కింట్లో వినిపించే ఈ చుట్టరికాన్ని ఇన్నేళ్లూ పట్టించుకోనందుకు సిగ్గుపడుతున్నాను.

మనుషులకంటే ముందు సరిహద్దులు ఆ భాషను పంచుకున్నాయి. తెలంగాణ, ఆంధ్రల్లో కోయకు తెలుగు లిపి, ఛత్తీస్‌గఢ్‌లో నాగరి, ఒడిశాలో ఒడియా. 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం వంటి మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాక తెలుగు లిపి వైపున్న కోయలూ రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల కిందికి వచ్చారు. శబ్దాల సంగతి చూస్తే కోయకు హ్రస్వ ఎ, ఒ కావాలి. మన లిపిలో అవి ఉన్నాయి, వాడుకలోని నాగరిలో లేవు. కోయకే ప్రత్యేకమైన అక్షరాలు కావాలనే వాళ్లున్నారు, వాళ్ల కోరిక న్యాయమైనదే. సత్తుపాటి ప్రసన్నశ్రీ పలు గిరిజన భాషలతోపాటు కోయకూ లిపి రూపొందించారు. ఉత్తరాన ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన గోండి రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి చేరింది. వాడేవాళ్లు లేని రూన్లకు 1999లోనే అక్కడ చోటు దొరికింది.

లిపి రావాలి. అయితే లిపికంటే తొందరగా చేయాల్సిన పని ఒకటి మిగిలిపోతోంది. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలి మీద సమ్మక్క సారలమ్మల చరిత్రను, పగిడిద్దరాజు కథను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. పెద్దగా బడి చదువు లేని మనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటి పరిశోధకులు డోలి వాళ్ల వెంట తిరిగి కొంత భద్రం చేశారు. వాళ్లకు మన సాహిత్యలోకం ఇవ్వాల్సినంత గౌరవం ఇవ్వలేదు. మనం పడిగెను జానపద కళ గదిలో పెట్టాం, పాటను జాతర వార్తగా రాశాం. తెలుగు సాహిత్య చరిత్రలో దానికొక అధ్యాయం రాయలేదు.

పడిగెలను సేకరించి అద్దాల పెట్టెలో పెట్టడం మంచిదే. కానీ పెట్టె పక్కన ‘గిరిజన వస్త్రకళ’ అని ఒక్క ముక్క రాసిపెడితే అర్థం చెప్పే అధికారం ఆ చీటీకి వెళ్లిపోతుంది. ప్రతి గుర్తు దగ్గరా ఆగి, డోలి కళాకారుడు దాన్ని ఏమని పిలిచాడో, ఏ స్వరంలో పిలిచాడో, ఆ పేరు విని ఎదురుగా కూర్చున్న గట్టువాళ్లు ఏమన్నారో, అంతా వాళ్ల అనుమతితో, వాళ్ల భాషలోనే రికార్డు చేయాలి. ఒకే గుర్తుకు రెండు గూడేల్లో రెండు కథలుంటే రెండూ ఉంచాలి. కొన్ని పేర్లు బయటివాళ్లకు చెప్పకూడదంటే అక్కడ ఆగిపోవాలి. రూన్ అన్న మాటకే రహస్యం అని అర్థం. దాచుకునే హక్కు పడిగె వాళ్లకూ ఉంది.

మా వంతుగా ఈ పత్రికలో వచ్చే సంచిక నుంచి ప్రతి నెలా రెండు పేజీలు కోయ పాటకు కేటాయిస్తున్నాం. పై వరుసలో తెలుగు లిపిలో కోయ మాట, కింద తెలుగు అర్థం. పాట పైన సేకరించినవాళ్ల పేరు కాదు, పాడినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు, ఊరు, గట్టు ఉంటాయి. పారితోషికం కూడా వాళ్లకే పంపుతాం.