రాయికి ఊరు పేరు రాయాలి

తోటి విద్యార్థులారా, వార్డెన్ గారూ!

మొన్న హాస్టలు శుభ్రం చేసిన రోజున నా పెట్టె కింద దాచుకున్న రాళ్లు, గవ్వలు, ఇసుక పొట్లం చెత్తలో పోయాయి. ఏడుపొచ్చింది. కానీ ఆలోచిస్తే తప్పు నాదే. ఏది ఎక్కడిదో నేను రాసి పెట్టలేదు. పేరు లేని రాయికీ రోడ్డు మీద కంకరకీ తేడా ఎవరికి తెలుస్తుంది?

ఆ గవ్వలు సఖినేటిపల్లివి. మార్చిలో అంతర్వేది విహారయాత్రకి వెళ్లినప్పుడు సఖినేటిపల్లి రేవులో ఆగాం. ఎదురుగా నరసాపురం, మధ్యలో వశిష్ఠ గోదావరి. నీళ్లు నాలిక్కి ఉప్పగా తగిలాయి. "ఇదేం గోదారండీ?" అన్నాను. సైన్సు మాస్టారు నవ్వి, "పోటు వేళ సముద్రం లోపలికొస్తుందిరా, పాటు వేళ నది బయటికి పోతుంది. ఈ బురదలో రెండింటి గుర్తులూ ఉంటాయి" అన్నారు.

ఆ గుర్తులు చదవటం మనకీ వస్తుంది. నది తెచ్చిన ఇసుకలో ఏటవాలు పొరలు, నున్నటి గులకరాళ్లు, చెట్ల ముక్కలు ఉంటాయి. సముద్రం దగ్గరి బురదలో ఆల్చిప్పలు, మరలాంటి గవ్వలు ఉంటాయి. అయితే ఒక్క గవ్వ దొరికిందని సముద్రం అనేయకూడదు. చిప్ప రెండు రెక్కలూ విడిపోకుండా ఉంటే ఆ జీవి అక్కడే బతికిందనుకోవచ్చు. అరిగి ముక్కలైతే అలో వరదో మోసుకొచ్చి ఉంటుంది.

పాత రాళ్లనీ ఇలాగే చదువుతారు. రాజమండ్రి పక్కన కాతేరులో, కొవ్వూరు వైపు పంగిడిలో నల్లరాయి క్వారీలున్నాయి. ఆ నల్లరాయి ఒకప్పటి లావా. రెండు లావా పొరల మధ్య సున్నపురాయి, బంకమట్టి ఉన్నాయి. వాటిలో ఆల్చిప్పలు, సముద్రపు గవ్వలు రాయిగా మారి దొరికాయి. అంటే సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట సముద్రం ఒడ్డు అక్కడే! గెర్టా కెల్లర్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు ఆ పొరలోని సూక్ష్మజీవుల గుల్లలు పరిశీలించారు. రాక్షసబల్లులు అంతరించిన కొద్ది కాలానికే ఆ పొర ఏర్పడిందని 2008లో రాశారు.

ఆ లావా కోనసీమ కింద కూడా ఉంది. చమురు, గ్యాసు కోసం తవ్విన బావుల్లో లోతున తగిలింది. దానికి పెట్టిన పేరేమిటో తెలుసా? రాజోలు. సఖినేటిపల్లికి దగ్గరి ఊరే. పెద్ద శాస్త్రవేత్తలు కూడా రాయిని ఊరి పేరుతోనే పిలుస్తారన్న మాట.

మా ఊరు పాపికొండల వైపు. మా కొండరాళ్లలో ఎర్రటి గార్నెట్ గింజలుంటాయి. అంతర్వేది ఇసుకలోనూ అలాంటివే చూశాను. తూర్పు కనుమల రాళ్లు అరిగి, ఏళ్ల వెంట తీరానికి చేరతాయని మాస్టారు చెప్పారు. "కొండోళ్లకి సముద్రంతో ఏం పని?" అన్నవాళ్లకి ఆ ఇసుక చూపిద్దామనుకున్నాను. ఇప్పుడు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. సైన్సు గదిలో బీరువా అర ఒక్కటి ఇప్పించండి. దుమ్ము, తేళ్లు చేరతాయంటారేమో, తుడిచే వంతులు మేమే వేసుకుంటాం. సెలవులకి వెళ్లినవాళ్లం తలో రాయి తెద్దాం. దేవతల రాళ్లు మాత్రం ముట్టుకోవద్దు. ప్రతి రాయికీ ఊరి పేరు, ఏటి పేరు, తేదీ, ఏ పొరలో దొరికిందో చీటీ మీద రాసి అంటిద్దాం.

మొదటి చీటీ నేనే రాస్తాను. మీరేమంటారు?

– తొమ్మిదో తరగతి విద్యార్థి