ఒకే ఋతువు, రెండు పండుగలు

జమ్మలమడుగు, నంద్యాల ప్రాంతముల చర్చిలలో ఈస్టరు వేకువ గంటలు మ్రోగు ఋతువునందే, గుంటూరు సీమలో చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమున, తాము ఎఫ్రాయీము గోత్రీకులమని విశ్వసించి క్రైస్తవమును వీడి యూదాచారము నవలంబించిన బెనె ఎఫ్రాయీము కుటుంబములు, ఐగుప్తు దాస్యవిమోచనమును స్మరించు పస్కా పండుగను జరుపుకొనుచున్నవి. ఉభయులును తెలుగువారే, ధర్మశాస్త్రము, ప్రవక్తలు, కీర్తనలు ఉభయులకును పూజ్యములే, పండుగలు మాత్రము వేరు.

యేసు శిలువ మరణము పస్కా దినములలోనే సంభవించినందున, ఆ విమోచనము క్రీస్తు పునరుత్థానమున పరిపూర్ణమైనదని క్రైస్తవులు నమ్ముదురు. ఆయనను మెస్సీయగా నంగీకరింపని యూదులకు పస్కా మోషేనాటి స్మృతిగనే నిలిచినది. వారికి క్రిస్మసు లేకుండుటకును ఈ యనంగీకారమే హేతువు. వారి విశ్రాంతిదినము శనివారము. క్రైస్తవుల ఆరాధనదినము పునరుత్థానము జరిగిన ఆదివారము.

ఇక పండుగ దినముల గణన మాట. యూదుల మాసములు చాంద్రములు. ఋతువులు తప్పిపోకుండుటకు 19 ఏండ్లలో 7 అధికమాసములను చేర్చెదరు. అధికమాసము నెరిగి పంచాంగము చూచుకొను మన సీమ రైతునకు ఇది వింతగాదు. క్రీ.శ. 325లో నైసియా క్రైస్తవ మహాసభ ఈ గణనను విడనాడి ఈస్టరును స్వతంత్రముగ నిర్ణయించెను. ఆ నిర్ణయమున ద్వేషచ్ఛాయ లేకపోలేదని నేను దుఃఖముతో నొప్పుకొందును.

కావున పాఠకులారా, కొత్తరెడ్డిపాలెము వారిని క్రైస్తవులలో నొక శాఖగా జమకట్టకుడు. వారి పండుగను వారి పేరుతోనే పలుకుడు.