రాజవైభవమునకు మూల్య మిచ్చిన దెవరు?

ఐరోపా ప్రభువులలో ఫ్రాన్సు నేలిన పదునాలుగవ లూయీ కున్నంత ప్రఖ్యాతి కొలదిమందికే కలదు. ఐదేండ్లైన నిండని బాలుడుగా 1643లో సింహాసన మెక్కి, 1715 వఱకు డెబ్బదిరెండేండ్లు రాజుగా నుండెను. సూర్యుని తన చిహ్నముగా గైకొనెను. ఆతని వర్సేల్సు సౌధమును జూచుటకు నేటికిని దేశదేశములనుండి జనులు పోవుచున్నారు. ఆ వెలుగును మేము కాదనము. ఆ దీపమునకు చమురు పోసిన దెవరని మాత్ర మడుగుచున్నాము.

1661లో రాజ్యభారమును స్వయముగా వహించినది మొదలు మరణపర్యంతము గడచిన కాలములో సగమునకు పైగా యుద్ధములకే చెల్లెను. 1667లో స్పెయినువారి నెదర్లాండ్సుపై దండెత్తెను. 1672లో హాలండుపై బడెను. 1688 మొదలు 1697 వఱకు ఐరోపా రాజ్యముల కూటమితో పోరాడెను. తన మనుమని స్పెయిను సింహాసనమున నిలుపుటకై 1701 మొదలు 1714 వఱకు మఱల పోరెను. లీల్, స్ట్రాస్‌బర్గు వంటి పట్టణములు లభించిన మాట నిజమే. ఈ కలహములు మన తీరమును గూడ దాకెను. ఈ రాజు కాలముననే, 1669లో, ఫ్రెంచి వర్తకసంఘము మచిలీపట్టణమున కొఠీ పెట్టెను. 1693లో డచ్చివారు పుదుచ్చేరిని పట్టుకొనగా, 1697 నాటి సంధి వలన నది ఫ్రెంచివారికి మఱల దక్కినది.

ఇంతటి యుద్ధములకు ధన మెచ్చటిది? సేన మూడులక్షలకు మించెను. 1689లో వర్సేల్సునందలి వెండి సామానును సైతము కరగింపవలసి వచ్చెను. అయినను ముఖ్యమగు భారము రైతు మీదనే పడెను. ప్రధానమైన శిస్తునుండి ప్రభువులకును మతాధికారులకును మినహాయింపు గలదు. విస్తారమగు భూములు గలవాడు చెల్లింపడు. ఆ భూమిని దున్నువాడు చెల్లించును. 1693, 1694 సంవత్సరముల క్షామమున పదిలక్షలకు పైగా జనులు నశించిరి. 1709 నాటి ఘోరమైన చలికి పైరులు మాడి, మఱల కఱవు వచ్చెను.

ఈ దుఃస్థితిని రాజునకు తెలిపినవాడు శత్రువు కాడు. సరిహద్దు కోటలను నిర్మించి యాతని విజయములకు మూలమైన సేనాని వోబాను. రాజసేవలో దేశమంతయు తిరిగిన యీ వృద్ధుడు, ప్రజలలో నించుమించు పదవవంతు భిక్షాటనకు దిగినదని వ్రాసెను. ఉన్న పన్నులలో పెక్కింటిని తొలగించి, ఎవరికిని మినహాయింపు లేక, ఆదాయములో పదవవంతు మించని పన్ను నందఱును చెల్లింపవలెనని సూచించెను. 1707లో నా గ్రంథమును ప్రభుత్వము నిషేధించెను. కొలదిదినములకే యాతడు మరణించెను. విచిత్ర మేమన, నాలుగేండ్లు గడవకముందే, 1710లో, ధనమునకై యా ప్రభుత్వమే పదవవంతు పన్ను విధించెను. అయితే పాతపన్నులను తొలగింపలేదు. వానిపైని దీనిని చేర్చెను. మతాధికారులు సొమ్ము చెల్లించి తప్పించుకొనిరి.

మంచిసలహాను నిషేధించి, అందలి భారమును మాత్రము గ్రహించుట నిరంకుశత్వమునకు సహజలక్షణము. మరణశయ్యపై లూయీ, ఐదేండ్ల మునిమనుమని బిలిచి, యుద్ధప్రీతిలో తన్ననుసరింపవలదని చెప్పెనందురు. ఆ బుద్ధి వచ్చునప్పటికి బొక్కసము ఋణములలో మునిగియుండెను. మినహాయింపుల సమస్య యట్లే నిలిచెను. ఆ వంశపు పదునాఱవ లూయీ 1789లో ప్రజాప్రతినిధులను సమావేశపఱచుటకు కారణము నీ ఋణభారమును, ఈ పన్నుల యన్యాయమునే. ఆ సమావేశమునుండి విప్లవము పుట్టెను.

భూవసతి గల మా పాఠకు లీ చరిత్రను ప్రత్యేకముగా విచారింపవలెను. ఫ్రెంచి ప్రభువులు మినహాయింపును గౌరవముగా దలచిరి. అదియే వారి వినాశమునకు హేతువయ్యెను. రాజు గొప్పతనమును గెలిచిన కోటలతో గాక, అతని రాజ్యమున రైతునింట మిగిలిన గింజలతో గొలువవలెను. లెక్క చూపినవాని నోరు మూసినంతమాత్రమున ఋణము తీఱదు.