తెర ఆరిపోయాక మిగిలేది కాగితమే

ఇప్పుడు మన కాలేజీలో ఏ డిపార్టుమెంటుకు పోయినా ప్రజెంటేషన్ తప్పదు. కామర్సు వాళ్ళకు వ్యాపార ప్రణాళిక, మనకు సెమినార్ పేపరు. స్లైడ్ల రంగులకు, బొమ్మలకు రెండు రాత్రులు ఖర్చుపెడతాం. వినేవాళ్ళ చేతికిచ్చే కాగితం మాత్రం చివరి పది నిమిషాల్లో గుర్తుకొస్తుంది. జెరాక్స్ అంగడికి పరుగెత్తి, అవే స్లైడ్లను పేజీకి ఆరు చొప్పున ప్రింటు తీయించుకొస్తాం. నువ్వుగింజలంత అక్షరాలు. ఎవరు చదువుతారు?

నా అభిప్రాయం ఒక్కటే. చేతికిచ్చే కాగితం స్లైడ్లకు నకలు కాకూడదు. దాన్ని విడిగా, పూర్తి వాక్యాల్లో రాయాలి.

రెండింటి పని వేరు. స్లైడు పక్కన మాట్లాడే అమ్మాయి ఉంటుంది. "ఖర్చు, లాభం, మార్కెట్" అని మూడు మాటలు వేసినా చాలు, మిగతాది ఆమె నోటితో చెబుతుంది. కాగితం పక్కన ఎవరూ ఉండరు. అది బ్యాంకు టేబుల్ మీదికో, ఎవరింటికో ఒంటరిగా పోతుంది. మూడు మాటలే ఉన్న కాగితం అక్కడ ఏం చెప్పగలదు?

పూర్తి వాక్యం రాయడంలో ఇంకో లాభం ఉంది. మన హోసూరు గులాబీలనే తీసుకోండి. ఒక అమ్మాయి గుల్కంద్ తయారీ మీద ప్రణాళిక చెబుతోందనుకుందాం. స్లైడులో గులాబీ బొమ్మ, కింద "హోసూరు గులాబీ – గుల్కంద్ – లాభం" అని ఉంటే చప్పట్లు పడతాయి. అదే కాగితం మీద "రేకులు ఫలానా చోటినుంచి తెస్తాము" అని రాయబోతే కలం ఆగుతుంది. ఇక్కడి పాలీహౌసుల్లో పెరిగేవి చాలావరకు బొకే గులాబీలు. వాటికి పురుగుమందు కొడతారు, వాసనా అంతంత మాత్రం. గుల్కందుకు కావలసింది వాసనుండే పన్నీరు గులాబీ, అదీ మందు కొట్టనిది. అది ఎవరి తోటలో దొరుకుతుంది, కిలో ఎంత, తినే సరుకు అమ్మడానికి తీసుకోవలసిన ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషను సంగతేమిటి? స్లైడు ఈ ప్రశ్నలన్నింటినీ దాచిపెడుతుంది. వాక్యం దాచనివ్వదు. అమెజాన్ కంపెనీలో జెఫ్ బెజోస్ 2004లో పెద్దల సమావేశాలకు పవర్‌పాయింట్ వద్దని, పూర్తి వాక్యాల్లో రాసిన కాగితాన్ని అందరూ మౌనంగా చదివాకే చర్చ మొదలుపెట్టాలని పద్ధతి మార్చింది కూడా ఇందుకే. మనం స్లైడ్లు మానుకోనక్కరలేదు. కాగితాన్ని వాటికి తోకగా చూడటం మానుకుంటే చాలు.

ఆడపిల్లలుగా మనకు ఇది ఇంకా ముఖ్యం. మనలో ఎంతమందికి పెట్టుబడి డబ్బు సొంత చేతిలో ఉంటుంది? నాయన ఒప్పుకోవాలి, అన్న ఒప్పుకోవాలి, లేదంటే మహిళా సంఘమో బ్యాంకో అప్పివ్వాలి. వాళ్ళెవరూ మన సెమినార్ హాల్లో కూర్చోరు. మన మాట వాళ్ళ దాకా పోయేది ఆ ఒక్క కాగితం మీదే.

మరి ఏ భాషలో? మా ఇంట్లో అవ్వ తెలుగు పేపరు చదువుతుంది. తమ్ముడు మాట్లాడేది తెలుగే, చదివేది తమిళం. 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయ్యాక చాలా ఇళ్ళల్లో ఇదే కథ. అందుకే ఒకవైపు తెలుగు, వెనకవైపు తమిళమో ఇంగ్లీషో ఉండాలంటాను. తెలుగు పండగ పాటలకే కాదు, లెక్కలకూ పనికొస్తుందని మనం కాక ఇంకెవరు చూపిస్తారు?

"కాగితం ముందే ఇస్తే అందరూ తలలు వంచుకొని చదువుకుంటారు, మన మాట వినరు" అని కొందరంటారు. నిజమే. అందుకే అంకెల పట్టిక ఒక్కటి ముందు ఇచ్చి, మిగతాది చివర ఇవ్వాలి. అంకెల్ని చెవితో పట్టుకోవడం కష్టం కదా. "వాట్సాప్‌లో పంపితే పోలేదా, కాగితం దండగ" అనేవాళ్ళూ ఉన్నారు. ఫోన్లోకి వచ్చిన ఫైలు వంద ఫార్వర్డుల కింద పడిపోతుంది. టేబుల్ మీది కాగితం మళ్ళీ కంట పడుతుంది. నేను అడిగేది ఒక్కొక్కరికి ఒక్క ఎ4 షీటు. పేజీకి ఆరు స్లైడ్ల కట్టకంటే అది తక్కువే.

ఇక్కడి అంగళ్ళలో చాలాచోట్ల తెలుగు ఫాంట్లు ఉండవు, అక్షరాల బదులు డబ్బాలు పడతాయి. ఇంట్లోనే పీడీఎఫ్ చేసి తీసుకుపోండి. ఒత్తులు కింది వరుసకు తగలకుండా వరుసల మధ్య చోటు వదలండి. పేరు, తేదీ మరవకండి. ఫోన్ నంబరు నలుగురికీ పంచడం ఇష్టం లేకపోతే ఈమెయిలు చాలు.

వచ్చే సెమినారుకు మన డిపార్టుమెంటులో అందరం ఇలా ఒక్క షీటు రాసుకొద్దామని మేడమ్‌లను, స్నేహితురాళ్ళను కోరుతున్నాను. ప్రింటు తీసేముందు దాన్ని మన ప్రసంగం వినని మనిషి చేతికివ్వాలి, అవ్వకైనా సరే, పక్కింటి అక్కకైనా సరే. చదివి, మనం ఏం చేయబోతున్నామో, ఎంత డబ్బు కావాలో తిరిగి చెప్పగలిగితే కాగితం బాగున్నట్టే. చెప్పలేకపోతే ఇంకోసారి రాద్దాం.

– ద్వితీయ సంవత్సరం బి.ఏ. తెలుగు విద్యార్థిని